కొంగు ముడి చెప్పిన అబద్ధం

ఆదోని బస్టాండులో, నిండు బస్సు నడుమ, నేను చేసిన ఘనకార్యం చెబుతాను. నవ్వండి, పర్వాలేదు. నవ్వుకు ఖర్చు లేదు కాబట్టే ఒప్పుకుంటున్నాను.

మా అమ్మకు చివరి ఏళ్ళలో మతిమరుపు జబ్బు వచ్చింది. ఆడబిడ్డ పుట్టింటి నుంచి పోయేటప్పుడు తల్లి ఆమె కొంగులో బియ్యం, బెల్లం, ఎండుకొబ్బరి పోసి ఒడి నింపుతుంది కదా. ఎమ్మిగనూరులో ఉండే నా చెల్లెలు లక్ష్మి వస్తే, అమ్మ పొద్దున ఒకసారి దోసిళ్ళతో నింపేది. మరచిపోయి మధ్యాహ్నం మళ్ళీ నింపేది. "మోయలేక సస్తాండా అమ్మా!" అని లక్ష్మి అంటే ఇద్దరం పడిపడి నవ్వేవాళ్ళం. పోనుపోను మా పేర్లూ మరచిపోయింది. అప్పుడు నవ్వు రాలేదు.

అమ్మ పోయాక ఒడి నింపే పని నాదయింది. నేను కొలిచే సోల నిండా బియ్యం పోసి, పైకి పొంగినది కట్టెతో గీసేసి మరీ ఇస్తాను. పిసినారి అంటారు. అననీ.

పోయిన ఏడు డాక్టరమ్మను అడిగాను. "అమ్మ జబ్బు నాకూ వస్తాదా తల్లీ?"

"తల్లికి ఉంటే బిడ్డలకు అవకాశం కొంచెం ఎక్కువే అవ్వా. అంతేగానీ వచ్చి తీరాలని లేదు. బీపీ అదుపులో పెట్టుకో, రోజూ నడువు, నలుగురితో మాట్లాడు, కంటినిండా నిద్రపో. రాదని మాట ఇవ్వలేను గానీ, మేలు చేస్తాయి."

మూడో తరగతితో బడి మానినదాన్ని. రాసి పెట్టుకుంటే కాగితం దండగ. కొంగు మనదే, ముడికి డబ్బు పడదు. డాక్టరమ్మ చెప్పిన మాటకొక ముడి వేశాను. పని కాగానే విప్పాలి. చిక్కల్లా నిద్ర ముడితోనే వచ్చింది. నిద్రపోయాక విప్పేదెవరు? ఆ దిగులుతో నిద్రే పట్టేది కాదు!

అట్లాంటి రోజుల్లో లక్ష్మి వచ్చింది. ఒడికీ ఒక ముడి వేశాను. పొద్దున పీట మీద కూర్చోబెట్టి నింపాను. ముడి విప్పడం మరిచాను.

లక్ష్మిని బస్సెక్కించి కొంగు చూసుకుంటే, ముడి! నింపినట్టు లీలగా గుర్తుంది. కానీ నా తలకాయ మాట కాదని కొంగు మాట నమ్మాను. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినవాళ్ళున్నారు. నేను చెల్లెలి సంచిలో ఒడిబియ్యం పెట్టుకుని, మళ్ళీ బియ్యం, బెల్లం కొనడానికి అంగళ్ళ వెంట పరిగెత్తాను. బేరం కూడా ఆడలేదు, చూడండి నా గతి!

"ఆపప్పా బస్సు! నా చెల్లెలికి ఒడి నింపల్ల!"

"బస్సులో పేరంటమేందవ్వా? దిగు, లేటయితాంది!" అన్నాడు కండక్టరు.

"నీకూ ఇంత బెల్లం పెడతా, నోరు మూసుకోప్పా!"

లక్ష్మి నా ముఖంలోకి చూసింది. కొంగు పట్టింది. దోసిళ్ళతో పోశాను. బెల్లం గడ్డ దొర్లుకుంటూ డ్రైవరు కాళ్ళ దగ్గరికి పోయింది. బస్సంతా ఒకటే నవ్వు.

ఇంటికొచ్చి చూస్తే పొద్దున ఒడి నింపిన పీట, పసుపు గిన్నె, ఖాళీ సోల నా కోసమే కాచుకుని ఉన్నాయి. 'అమ్మ జబ్బు వచ్చేసింది' అనుకున్నాను.

మరునాడే లక్ష్మిని పిలిపించుకుని డాక్టరమ్మ దగ్గరికి పోయి ముళ్ళ సంగతంతా చెప్పాను. ఆమె ఏవేవో అడిగింది, బొమ్మలు గీయించింది, చివరికి నవ్వింది.

"ఇప్పటికైతే భయపడే సంగతేమీ కనిపించలేదవ్వా. నిద్ర లేకుంటే ఎవరి తలైనా తడబడుతుంది. ఆ ముళ్ళు విప్పి పడుకో. మళ్ళీ మళ్ళీ ఇట్లా అయితే మాత్రం రా."

ప్రాణం లేచొచ్చింది. దాంతోపాటే కోపమూ వచ్చింది. "ఏమే, 'పొద్దున్నే నింపినావక్కా' అని ఒక్క మాట సెప్పింటే నీ సొమ్మేం పోతుండె?"

లక్ష్మి తల వంచుకుంది. "యాడ సెప్పేదిక్కా. పొద్దున సోల గీసి పోసినావు. బస్సులో దోసిళ్ళతో పోసినావు, అమ్మ మాదిరి. అమ్మ పోయినంక నాకు రెండోసారి ఒడి నింపినోళ్ళు యాడుండారు? నోరు రాలేదు."

అక్కడే కూర్చుని కొంగు ముళ్ళన్నీ విప్పేశాను.

అందుకని మీ అందరి ముందూ ఒట్టు పెడుతున్నాను. ఇకమీద కొంగుకు ముడి వెయ్యను. మరచిపోయి ఎవరికీ రెండోసారి ఒడి నింపను. లక్ష్మి వచ్చినప్పుడల్లా మధ్యాహ్నం మళ్ళీ నింపుతున్నావు కదా అంటారా? అది బాగా గుర్తుండే నింపుతున్నాను. సోల అటక మీద ఉంది.