మడమ కింద పల్లీలు

మొదటిసారి ఒంటరిగా విమానం నడిపి దింపినవాళ్ల నెత్తిన బకెట్ నీళ్లు గుమ్మరించడం హైదరాబాద్‌లో మేం విమానం నేర్చుకున్న చోట ఆనవాయితీ. ఆ నీళ్లు ముందు నా నెత్తిన పడతాయనుకున్నాను. మా మేనమామ కొడుకు వంతు ముందొచ్చింది. వనపర్తిలో స్కూటీ తప్ప మరోటి తోలి ఎరగని బావ, నాతోపాటే చేరి, నన్ను దాటిపోయాడు. పైగా బకెట్ నా చేతికే ఇచ్చారు. నెత్తిన పోయకుండా కసికొద్దీ మొహాన కొట్టాను.

"ఓ పిల్లా! నీళ్లు పోస్తున్నవా, సంపుతున్నవా?"

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది.

అయిజలో నాన్న పక్కన కూర్చుని ట్రాక్టర్ తోలడం నేర్చినదాన్ని నేను. అదే నా కొంప ముంచింది. ట్రాక్టర్‌కు ఎడమ చక్రానికో బ్రేకు, కుడి చక్రానికో బ్రేకు. చేను చివర ఎటు తిరగాలంటే అటు తొక్కడమే. విమానంలోనూ రెండు పెడళ్లే. కింది భాగం తొక్కితే ముక్కు తిరుగుతుంది, పైభాగం తొక్కితే బ్రేకు పడుతుంది. దిగేటప్పుడు ముక్కు కాస్త పక్కకు పోయిందా, నా పాదం తనంతట తానే పైకి జారేది. టైర్లు కీచుమనేవి.

"మడమలు కిందమ్మా, మడమలు! ఈ అలవాటు పోయేదాకా నిన్ను ఒక్కదాన్నీ పంపను," అనేవారు నేర్పే సారు.

"రన్‌వేను దున్నుతున్నవా ఏంది? ఇత్తనాలు గిట్ల తెచ్చినవా?" అనేవాడు బావ. వాడి పళ్లు రాలగొట్టాలనిపించేది.

సెలవుకు ఇంటికొస్తే అమ్మదీ అదే పాట. "జర బావను అడిగి నేర్సుకోరాదు? వానికి వచ్చింది నీకెందుకు రాదే?"

వరండాలో కుర్చీ వేసుకుని, ముందు పెడళ్లకు బదులు రెండు ఇటుకలు పెట్టుకుని, కళ్లు మూసుకుని రోజూ విమానం దింపాను. మడమల కింద చెరో పల్లీ పెట్టుకునేదాన్ని. మడమ లేచిందా, కాచుకుని ఉన్న కోడి వచ్చి ఎత్తుకుపోయేది. మొదట్లో అది బాగా బలిసింది. సెలవు అయిపోయేసరికి నా కుర్చీ దగ్గరికి రావడమే మానేసింది.

తిరిగి వెళ్లాక ఒక పొద్దున సారు విమానం ఆపించి దిగిపోయారు. "ఇక నువ్వే పో."

పక్క సీటు ఖాళీ. ఒక చుట్టు తిరిగి దిగుతుంటే ముక్కు ఎడమకు జరిగింది. పాదం పైకి జారబోయింది. ఆ కోడిని తలుచుకుని మడమలు అదిమి పెట్టి, కుడి పెడల్ కింది భాగమే తొక్కాను. చక్రాలు ఆనాయి. కీచుమనలేదు.

"నీకంటే మెత్తగా దించిందయ్యా!" అన్నారు సారు, బకెట్ పట్టుకుని నిలబడ్డ బావతో.

నీళ్లు నా నెత్తిన పడలేదు. ఫెడీమని మొహాన తగిలాయి.

"ఓ బావా! నీళ్లు పోస్తున్నవా, సంపుతున్నవా?"

అందరూ నవ్వారు. బావ నవ్వలేదు. అప్పుడు గాని నా కడుపుమంట చల్లారలేదు.