ఫైలకా దీవిలో పొట్ట స్తంభం

కువైట్‌లోని ఫైలకా దీవికి జనం సరదాకు వెళతారు. మేం వెళ్ళింది స్తంభం నిలబెట్టడానికి. ఇవతలి ఒడ్డున దజీజ్‌లో మా వర్క్‌షాపులో సిమెంటు, గాజు నార కలిపి గ్రీకు, రోమను తీరు స్తంభాలు పోస్తాం. నేను అక్కడ సూపర్వైజర్ని. మా కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చిన యజమాని, దీవిలో కట్టుకున్న విడిది ముందు నాలుగు స్తంభాలు కావాలన్నాడు. మూడు నిలబడ్డాయి. నాలుగోది దింపేటప్పుడు మేస్త్రీ రాజన్న చేతుల్లో పగిలింది.

"శుక్రవారం సాయంత్రం చుట్టాలతో వస్తా. ఈసారి తేడా వస్తే అతని ఇఖామా రెన్యువల్ ఉండదు," అన్నాడు కఫీల్. రాజన్నది జగిత్యాల. ఇక్కడ ఉండనిచ్చే ఆ పర్మిట్ గడువు నెలాఖరుకే. చెప్పినమాట తప్పే మనిషి కాదు మా కఫీల్, అదే నా భయం.

శుక్రవారం ఉదయం ఆరింటికి పికప్‌లో బయల్దేరి సాల్మియా రేవు చేరాం. వెళ్ళదలచినవాళ్ళు సివిల్ ఐడీ చేతిలోనే ఉంచుకోండి, టికెట్ ముందే తీసుకోండి, తిండి వెంట తెచ్చుకోండి. మేం చపాతీలు, కోడిగుడ్డు కూర కట్టుకున్నాం. ఎనిమిదింటికి బోటు కదిలింది. గాలి బలంగా ఉంది. కొత్తగా పోసి దుప్పట్లలో చుట్టిన నాలుగో స్తంభం రెండు ముక్కల మీద రాజన్న రెండు చేతులూ వేసి కూర్చున్నాడు.

పక్కన యజమానుల పిల్లల్ని ఆడిస్తున్న కడప ఆమె అడిగింది. "ఏమన్నా, అట్ల పట్టుకున్యావు? యాడన్నా దేవుణ్ని తీసకపోతాండావా?"

"దేవుడు గాదక్కా, నా కొలువు," అన్నాడు రాజన్న. ఆమె నవ్వింది. అతను నవ్వలేదు.

పదిన్నరకల్లా ముక్కలు రెండూ అతికించి నిలబెట్టాం. పైన మేకపోతు కొమ్ముల్లా రెండు పక్కలా చుట్టుకున్న శిరస్సు ఎక్కించాం. దాన్ని అయోనిక్ అంటారు. చుట్టలేవీ లేకుండా సాదాగా ఉంటే డోరిక్, ఆకులు విచ్చుకున్నట్టుంటే కొరింథియన్. జిగురు పట్టేదాకా ఆగాలి కాబట్టి, అతుకులు చూసుకోమని రాజన్నకు చెప్పి పాత గ్రీకు గుడి చూడటానికి నడిచాను.

కంచె బయటినుంచే చూశాను. అలెగ్జాండర్ తర్వాతి కాలపు గ్రీకులు కట్టిన గుడి. మిగిలింది పునాది, మెట్లు, అడుగు రాళ్ళు. స్తంభాల తలలు గ్రీకువి, పీఠాలు పర్షియా తీరువట. ఎంత దూరం వచ్చినా చేతికి అలవాటైన పని పోదు కాబోలు.

ఒంటిగంటకు తిరిగొస్తే రాజన్న ఒళ్ళంతా తెల్లటి దుమ్ము.

"సార్, కంబానికి దారం పట్టి చూసిన. నడిమిల పొట్టున్నది. అచ్చు ఖరాబయినట్టున్నది. మీరొచ్చేసరికి సాపు జేసిన."

ఆ పొట్ట కావాలని పెట్టింది. నిలువునా తిన్నగా చెక్కిన స్తంభం దూరానికి నడుము లోపలికి పోయినట్టు కనిపిస్తుంది. అందుకే గ్రీకులు మధ్యలో కొద్దిగా ఉబ్బు ఉంచేవారు. రాజన్న దాన్ని గ్రైండరుతో గాజు నార తేలేదాకా గీకేశాడు.

"ఎవరు చెప్పారయ్యా నీకు?" అని అరిచాను.

"మా ఉస్తాద్ జెప్పిండు. కన్ను మోసం జేస్తది, దారం జెయ్యదని."

రెక్క పట్టుకుని గేటు దాకా లాక్కెళ్ళాను. "ఇప్పుడు చూడు."

మూడు స్తంభాలు నిండుగా ఉన్నాయి. నాలుగోది నెల రోజులు జ్వరపడి లేచినట్టుంది. చూసి రాజన్న అక్కడే కూలబడ్డాడు. "నా ఇఖామా ఖలాస్ సార్."

కఫీల్ బోటు నాలుగింటికి. సంచిలో పుట్టీ ఉంది. నేను గేటు దగ్గర నిలబడి "ఇంకొంచెం, చాలు, కిందికి" అని అరుస్తుంటే, రాజన్న పొర మీద పొర వేశాడు. దారం జేబులోనే ఉండిపోయింది. చపాతీల మూట విప్పనే లేదు.

చివరి పొర తడిగా ఉండగానే కఫీల్ వచ్చాడు. మొదటి మూడింటినీ తట్టి, నాలుగోదాని మీద అరచెయ్యి ఆనించాడు. చెయ్యంతా తెల్లబడింది. చుట్టాలు చూస్తున్నారు. నేను ఏదో సర్దిచెప్పబోయాను. రాజన్న ముందుకొచ్చాడు.

"బాబా, గల్తీ మేరా. పేట్ కాట్ దియా. ఫిర్ లగాయా." తప్పు తనదేనని, పొట్ట కోసేసి మళ్ళీ పెట్టానని ఒప్పేసుకున్నాడు.

కఫీల్ గేటు దాకా నడిచి వెనక్కి తిరిగాడు. ఎడమనుంచి కుడికి, కుడినుంచి ఎడమకి చూశాడు. అక్కణ్ణుంచి నాలుగూ ఒక్కలాగే నిండుగా కనిపిస్తున్నాయి. తర్వాత చేతి రుమాలుతో అరచెయ్యి తుడుచుకుంటూ అన్నాడు. "రేపు ఆరాక నున్నగా రుద్దాలి. ఇతన్నే పంపు. ఇతని పాస్‌పోర్టు కాపీ కూడా ఆఫీసులో ఇవ్వు, రెన్యువల్‌కు."

చివరి బోటులో చల్లారిన చపాతీలు తిన్నాం. ఇంత రుచైన తిండి కువైట్‌లో నేనెక్కడా తినలేదు. ఫైలకా వెళితే గుడి రాళ్ళు తప్పక చూడండి. కానీ స్తంభం దగ్గర మేస్త్రీని ఒంటరిగా వదిలి మాత్రం వెళ్ళకండి.

సాల్మియా దీపాలు కనిపించేసరికి రాజన్న జేబులోంచి దారం తీసి వేలికి చుట్టుకున్నాడు.

"సార్, రేపు ఇది తేవాల్నా, వద్దా?"

"తే. కానీ పట్టేముందు గేటు దాకా నడిచి రా."

"నడుస్త సార్," అన్నాడు. అప్పుడు ఏడ్చాడు.