కల్లం దాటేదాకా

ఆరాంఘర్‌లో బస్సెక్కాను. నా పక్కన కిటికీ దగ్గర తలపాగా చుట్టుకున్న పెద్దాయన కూర్చున్నాడు. శంషాబాద్ చేరకముందే, ప్లాట్ల రాళ్లు పాతిన ఖాళీ జాగా రాగానే వంగి చెప్పులు విడిచాడు. అది దాటాక మళ్లీ తొడుక్కున్నాడు.

"ఏమైంది బాపు?" అన్నాను.

"గాడ మా కల్లం ఉండె. కల్లంల చెప్పులతోని ఉంటరా బిడ్డా?"

మా తాత కూడా అంతే. జొన్నలు నూర్చే కల్లంలోకి మమ్మల్ని చెప్పులతో రానిచ్చేవాడు కాదు. ఆ గడ్డి వాసన ఇన్నేళ్లకు బస్సులో తగిలింది.

"భూమి అమ్మినవా?"

"అమ్మిన. అమ్మినంక గూడ సర్కారిచ్చే పంట పెట్టుబడి పైసలు నా ఖాతాల పడుతుండె. పడ్డప్పుడల్లా చేను ఇంకా ఉన్నట్టే అనిపిస్తుండె. మొన్న సార్లొచ్చి చూసిన్రు. ఇది చేను కాదని నా పేరు తీసేసిన్రు."

తన కాళ్ల వైపు చూసుకుని నవ్వాడు.

"తీసేసుడు న్యాయమే. ఇగ ఈ కాళ్లకు గూడ ఎవరన్న జర చెప్పాలె."

ఇప్పుడు ఎయిర్‌పోర్టుకు ఎప్పుడు పోయినా, ఆ దారిలో చెప్పుల్లోంచి కాళ్లు తీసేస్తాను. ఆయన కల్లం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసేదో నాకు గుర్తు లేదు. అందుకే దారంతా అలాగే కూర్చుంటాను.