మోసిన వీపుకు వాటా

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఖరీదైన వస్తువంటూ ఒక్కటే ఉండేది, మా తాతయ్య నవారు మంచం. ఆయన పోయాక దాని మీద ఎవరూ పడుకోలేదు. చుట్టాలొస్తే వాల్చేవాళ్లు, వాళ్లు వెళ్లగానే గోడకు చేరేసేవాళ్లు. అట్లాంటి మంచాన్ని మా నాయనమ్మ ఒక పొద్దున వాకిట్లో పడేసి, నవారంతా విప్పి, చుట్ట చుట్టి చంకలో పెట్టుకుంది. మా అమ్మ ఏడ్చినంత పని చేసింది. నాయనమ్మ వెనక్కి తిరిగి కూడా చూడలేదు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మా వాళ్లు ఆమెను చూసే అనేవాళ్లు. నేను ఆ ఉలిపికట్టె మనవరాలిని. అందుకు నాకు ఏనాడూ సిగ్గు కలగలేదు.

మా ఊరు ములకలపల్లి అవతల, అడవి అంచున ఉంటుంది. వేట మీద ఇప్పుడున్న చట్టాలు అప్పటికి లేవు. ఎండాకాలం పొలం పనులు తెమలగానే ఇంటికొక మగవాడు చొప్పున అడవిలోకి వెళ్లేవాళ్లు. పడితే అడవిపంది, ఇంకా అదృష్టం బాగుంటే కణుజు. కణుజంటే దాదాపు ఎద్దంత ఉండే జింక. దాన్ని కొట్టడం ఒక ఎత్తయితే, గుట్టలు దిగి వాగులు దాటి ఆ మాంసం ఇంటికి మోసుకురావడం ఇంకో ఎత్తు. తెచ్చాక ఊరి ముందు చదును నేల మీద అడ్డాకులు పరిచేవాళ్లు, ఇంటికొక ఆకు. వేటు వేసినవాడికి ఒక వాటా, కుక్కల్ని తెచ్చినవాడికి ఒక వాటా, మోసినవాళ్లకు మోత వాటా. ఆకు పడే ఇల్లంటే ఊళ్లో మాట చెల్లే ఇల్లు. వాగు నీళ్ల వంతు దగ్గరైనా, నాట్ల సాయం దగ్గరైనా ముందు ఆ ఇళ్లనే తలుచుకునేవాళ్లు. వేటకు మనిషి రాని ఇంటికి ఆకు ఎత్తేసేవాళ్లు. ఒకసారి ఎత్తేసిన ఆకు మళ్లీ పడిందని నేను ఎవరి నోటా వినలేదు.

మా నాన్న ముందటి వానాకాలంలో జ్వరం తగిలి పోయాడు. పెద్ద తమ్ముడు అమ్మ కొంగు పట్టుకుని తిరిగేవాడు, చిన్నవాడు ఇంకా చంక దిగలేదు. ఎండలు ముదిరాక మా పెదనాన్న ఇంటికొచ్చాడు. ఆయన మా తాతయ్య అన్న కొడుకు, వేటకు పెద్ద. మంచి మనిషే. అరుగు మీద కూర్చుని నీళ్లు తాగి, నేల చూస్తూ విషయం చెప్పాడు. ఇంట్లో మగదిక్కు లేదు కాబట్టి ఈసారి నుంచి మీ ఆకు వెయ్యలేమనీ, అయినా మీ కడుపు మాడనివ్వమనీ, ఎవరో ఒకరు ఇంత పంపిస్తూనే ఉంటారనీ అన్నాడు.

నాయనమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. "పంపిచ్చుడేంది కొడకా? నేనే వస్త," అంది.

"వేటకు ఆడోళ్లు వస్తరా చిన్నమ్మా?" అని ఆయన నవ్వాడు.

"వేటు నేనెయ్య. మోత మోస్త. మోసిన వీపుకు వాటా అని మీ తాతలే అన్నరు. మొగోని వీపుకే అని ఎన్నడన్న అన్నరా?"

పెదనాన్న నవ్వు ఆగిపోయింది. ఆ సాయంత్రం పెద్దలంతా కూర్చుని తర్జనభర్జన పడ్డారు. కట్టుబాటులో ఎక్కడా మగవాడని లేదు. ఎవరికీ లేని అనుమానం కాబట్టి ఎవరూ చెప్పి ఉండలేదంతే. చివరికి ఒక షరతు పెట్టారు. ఆమె వంతు బరువు ఊరిదాకా ఆమే తేవాలి. దారిలో ఇంకొకరి వీపు మీదికి మారిందంటే ఆకు పోయినట్టే, ఇక ఆ మాట ఎత్తకూడదు. ముసలామె మొదటి గుట్ట దగ్గరే తిరిగొస్తుందని అందరూ ధైర్యంగా ఉన్నారు. నవ్విన నాపచేనే పండుతుందన్న సామెత ఆ రోజు ఒక్కరికీ గుర్తు రాలేదు.

నాయనమ్మ ముందు సంచి సంగతి చూసింది. వడ్లతో నింపి చూడమని అమ్మ సలహా ఇచ్చింది. వడ్ల బస్తా చెప్పిన మాట వింటుందనీ, పచ్చి మాంసం వినదనీ, అడుగు తీసి అడుగేస్తే అటూ ఇటూ కదులుతుందనీ నాయనమ్మ అంది. అని నా వైపు చూసింది. ఇంట్లో క్షణం కుదురుగా ఉండని బరువు నేనే. గోనెసంచికి తాళ్లు కట్టి, నన్ను అందులో కూర్చోబెట్టి, వీపుకెత్తుకుని వాగు వైపు నడిచింది. బుద్ధిగా కూర్చోవద్దనీ, ఎంత అల్లరి చేస్తే అంత మంచిదనీ చెప్పింది. పెద్దవాళ్లు నా అల్లరిని అడిగి మరీ చేయించుకున్నది జన్మలో అదొక్కసారే. వాగు చేరేసరికి తాడు ఆమె భుజాల మీద ఎర్రటి గాట్లు పెట్టింది. గోనె పనికిరాదని తేలింది.

పెదనాన్న తమ్ముడు, మా బాబాయి దగ్గర ఖమ్మంలో కొన్న కొత్త సంచి ఉండేది. ముదురాకుపచ్చ గుడ్డ, మెరిసే ఇత్తడి బకిల్స్. దాన్ని తగిలించుకుని ఆయన ఊళ్లో ఊరికే తిరిగేవాడు. నాయనమ్మ దాన్నీ అడిగి తెచ్చి నన్ను అందులో వేసుకుంది. సన్నటి పట్టీలు, సంచేమో పిరుదుల దాకా జారింది. అడుగేసినప్పుడల్లా నేను వెనక్కి ఊగి ఆమె నడుము మీద దబ్బున పడేదాన్ని. పైన పటారం, లోన లొటారం. తిరిగి ఇచ్చేటప్పుడు, సంతకు పోవడానికి బ్రహ్మాండంగా ఉంటుందని మెచ్చుకుంది. బాబాయి దాన్ని పొగడ్తే అనుకున్నాడు.

నవారు మంచం మీద ఆమె కన్ను పడింది ఆ రాత్రే. మూడువేళ్ల వెడల్పు గల నూలు పట్టీ అది. మా తాతయ్యను అన్నేళ్లు మోసింది, ఎక్కడా పోగు తెగలేదు, ఒంటికి ఒరుసుకోదు. తెల్లారి నన్నూ, నవారునూ, పాత బండి మీద కప్పే టార్పాలిన్ ముక్కనూ తీసుకుని జూలూరుపాడు సంతకు బయల్దేరింది. అక్కడ గుర్రబ్బండ్లకు జీన్లు కుట్టే సాయిబు తాత ఒకాయన ఉండేవాడు. ఎవరు మోస్తారని అడిగాడు. నేనే అంది. ఆయన ఆశ్చర్యపోలేదు, నవ్వలేదు, జానతో కొలుచుకొమ్మని నాయనమ్మకే చెప్పి మెడ నుంచి నడుము దాకా కొలత అడిగాడు. మనిషి వీపు తెలియకుండా కుడితే ఆ సంచి పగవాడైపోతుందట.

నవారును రెండు వరసలు పక్కపక్కన చేర్చి భుజాల పట్టీలు కుట్టించుకుంది. ఆ పైన, నడుము చుట్టూ బిగించుకోవడానికి ఇంకొక పట్టీ కావాలని పట్టుబట్టింది. సాయిబు తాత అట్లాంటి సంచి ఎన్నడూ కుట్టలేదు. అప్పుడు ఆమె చెప్పిన మాట నాకు బాగా గుర్తుంది. "మొగోళ్లు భుజం మీద మోస్తరు, జల్దీ అలుస్తరు. మేం బిందెనూ బిడ్డనూ నడుం మీదనే మోస్తం. నా బలం ఆడుంది, బరువును ఆడికే రానియ్యి." ఆయన తల ఊపి, మైనం పట్టించిన దారంతో గట్టిగా కుట్టి ఇచ్చాడు. ఆ సంచిలో నన్ను కూర్చోబెట్టుకుని జూలూరుపాడు నుంచి చాలా దూరం నడిచింది. నేనెంత మెదిలినా సంచి ఆమె వీపును వదల్లేదు. నాకు నిద్ర పట్టింది.

వేటకు బయల్దేరిన రోజు ఊరంతా నవ్వింది. నాయనమ్మ చీర గోచీ బిగించి కట్టుకుని వరసలో చివర నడిచింది. తర్వాతి రోజులన్నీ మా అమ్మ గుమ్మంలోనే గడిపింది. ఎవరైనా తిరిగొస్తున్న అలికిడి అయితే చాలు, ఉలిక్కిపడి లేచేది. నాకు భయమేసింది. ఆకు పోతుందని కాదు, నాయనమ్మ ఓడిపోయి వస్తే ఆమె ముఖం ఎట్లా చూడాలా అని.

ఒక మధ్యాహ్నం ముందు కుక్కలొచ్చాయి, వాటి వెనక మగవాళ్లు. కణుజు పడింది. బాబాయి సంచి పట్టీ రాళ్లవాగు దిగుతుంటే తెగిందట, దాన్ని రెండు చేతులతో పొట్టకు అదుముకుని ఆపసోపాలు పడుతూ వస్తున్నాడు. అందరికంటే వెనక నాయనమ్మ. కొంచెం ముందుకు వంగి, ఒక చేత్తో కర్ర పట్టుకుని, తొందరేమీ లేనట్టు నడుస్తోంది. సంచి అడుగున తడి మరకలున్నాయి, మడమలు పగిలి రక్తం కారుతోంది. ఎవరో ఎదురెళ్లి సంచి అందుకోబోతే చెయ్యి తోసేసింది. పరిచిన ఆకుల దాకా వచ్చి, రాతి మీద వెనక్కి ఆనుకుని బరువు దించింది.

నేను ఆకుల్లో మా ఆకు కోసం వెతికాను. లేదు.

పెదనాన్న మొహమాటపడ్డాడు. "పాపం, ముసలామె మస్తు కష్టపడ్డది. ఇంకొక ఆకు తెచ్చి ఇంత ఎక్కువనే పెట్టుండ్రి," అన్నాడు. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. గెలిచామనుకున్నాను.

నాయనమ్మ కదల్లేదు. "పాపమని పెడితే నాకొద్దు. మోత వాటా అని చెప్పి పెట్టు."

ఏదని పెడితేనేం, మాంసం అదే కదా అని వెనక నుంచి ఎవరో గొణిగారు. నాయనమ్మ మళ్లీ రాతికి వీపు ఆన్చింది. చేతులు పట్టీల్లోకి దూర్చింది, నడుము పట్టీ బిగించింది, కర్ర ఊనుకుని ఆ బరువుతో లేచి నిలబడింది. అడవి దిక్కు తిరిగింది.

"యాడికెల్లి తెచ్చిన్నో ఆడనే పెట్టొస్త," అంది.

కాళ్లు వణకడం నాకు కనబడుతూనే ఉంది. అందరికీ కనబడింది. అయినా ఆమె అడుగు వేసింది, ఇంకొక అడుగు వేసింది. అప్పుడు పెదనాన్న తనే వెళ్లి అడ్డాకు తెచ్చి, వరస మధ్యలో చోటు చేసి, వంగి పరిచాడు. "ఇది మా చిన్నమ్మ ఇంటి ఆకు. మోత వాటా," అని అందరికీ వినబడేట్టు చెప్పాడు. ఆ తర్వాతే నాయనమ్మ సంచి దించింది.

వేట ఆగిపోయి ఎన్నో ఏళ్లయింది. ఆగడమే మంచిదైంది, అడవిలో మిగిలిన నాలుగు ప్రాణాలైనా బతకాలి. నా మనవరాలు ఇప్పుడు అదే అడవికి బీట్ ఆఫీసర్. ఆమెకు సంచి కొనడానికి ఖమ్మం వెళ్తే, షాపులో అబ్బాయి లేడీస్ మోడల్ అంటూ గులాబీ రంగుది ఒకటి తెచ్చాడు. నేను నీళ్ల సీసాలన్నీ తెప్పించి అందులో నింపించి, మెట్లు ఎక్కి దిగమన్నాను. అందరూ చూస్తున్నారు అమ్మమ్మా అంది. చూడనీ అన్నాను. చివరికి వెడల్పాటి పట్టీలు, గట్టి నడుము బెల్టు ఉన్నది దొరికేదాకా అక్కడి నుంచి కదల్లేదు.

మా తమ్ముళ్లు పెద్దవాళ్లయి పొలం పంచుకున్న రోజున, పసుపు కుంకుమల కింద నాకొక చిన్న మడి ఇస్తామన్నారు. ప్రేమగానే అన్నారు. ఆ చేలో నేను తీసిన కలుపు మీరిద్దరూ కలిసి తీసినదాని కంటే ఎక్కువ, వాటా అని చెప్పి ఇవ్వండి, లేకపోతే వద్దన్నాను. చాలాకాలం మాటలు లేవు. చివరికి వాటా అనే చెప్పారు, పూర్తి వాటానే ఇచ్చారు.

నాయనమ్మ సంచిని ఎలుకలు కొట్టేశాయి, నవారు ముక్క కూడా మిగల్లేదు. నా వీపూ వంగింది. అయినా, నాకు రావలసినదాన్ని ఎవరైనా జాలిగా చేతిలో పెట్టబోతే చాలు, నా చేతులు భుజాల మీద ఆ పట్టీల కోసం తడుముకుంటాయి. లేచి నిలబడతాను.