షోరూంవాళ్ల గుత్త

కారు కొనడం ఒక పూటలో అయిపోయింది. దానికి సర్వీసు ప్యాకేజీ తీసుకోవాలా వద్దా అన్నది తేలడానికి మాత్రం ఖమ్మం షోరూంలో మమ్మల్ని సాయంత్రం దాకా కూర్చోబెట్టారు.

మా ఆయన పన్నెండేళ్లు వేరేవాళ్ల జీపు నడిపాడు. దమ్మపేట నుంచి అడవి పక్క ఊళ్లవాళ్లను ఖమ్మం దవాఖానాలకు, యాత్రకు వచ్చినవాళ్లను భద్రాచలానికి తిప్పడం ఆయన పని. సొంత బండి ఉండాలని నా రెండు గేదెలను అమ్మాం. మొదటి విడత కట్టగా కొంత మిగిలింది. టైర్లు అరిగితే, ఏదైనా పాడైతే పనికొస్తుందని నా దగ్గరే దాచాను. షోరూంవాళ్ల కన్ను సరిగ్గా దాని మీదే పడింది.

మెడకు టై కట్టుకున్న ఒకతను మా ఎదురుగా కూర్చున్నాడు.

"సార్, మూడేళ్లు మీరు బండి గురించి ఆలోచించే పనే లేదు. అంతా మేమే చూసుకుంటం."

అంతా అన్న మాట మా ఆయనకు నచ్చింది. మా వైపు మామిడితోటలను గుత్తకిస్తారు. గుత్తదారు పూత చూసి ఒకే మొత్తం కడతాడు. ఆ తర్వాత మందు కొట్టడం, కాపలా, కోత అన్నీ అతని నెత్తినే. గాలివానకు కాయ రాలినా నష్టం అతనిదే. తోట ఆసామి చేతులు కట్టుకుని కూర్చుంటాడు. మా ఆయన ఇంతకాలం చూసిన బేరం అదే కాబట్టి ఇదీ అదే అనుకున్నాడు.

"అంటే గుత్త లెక్కన అన్నట్టు. ఒక్కసారి కడితే, ఇగ ఏం పోయినా మీదే."

"అవ్ సార్, గట్లనే అనుకోండి."

అనుకోండి అనడానికి అతని సొమ్మేం పోయింది? గుత్త అంటే ఏమిటో అతనికి తెలుసని కూడా నాకు నమ్మకం లేదు. మా ఆయన అప్పటికే పెన్ను తీసుకున్నాడు. ఆయన తమ్ముడు తన కారుకు ఇలాంటిదే తీసుకున్నాడు. సర్వీసుకు ఒక రోజంతా పాడుచేసుకుని ఖమ్మం వెళ్తాడు. అక్కడ ఏసీ గదిలో కాఫీ ఇచ్చారని నెల రోజులు చెబుతాడు. కాఫీ కోసం అంత దూరం డీజిలు కాల్చుకుని వెళ్లే మనిషిని చూసి ఈయన నేర్చుకున్నాడు.

నేను అక్షరాలు నేర్చుకున్నది నలభై ఆరేళ్ల వయసులో. అందుకని నాకు పైపైన చదవడం చేతకాదు. మొదలుపెడితే ప్రతి మాటా చదవాల్సిందే. చిన్నప్పటి నుంచీ చదివినవాళ్లు కాగితం చేతికివ్వగానే సంతకం ఎక్కడ పెట్టాలో వెతుకుతారు. వాళ్లిచ్చిన రంగుల కాగితం తెలుగులోనే ఉంది. వెనక్కి తిప్పేవాళ్లుండరన్న ధైర్యంతో వేశారు కాబోలు. వెనకవైపు చీమల బారులాంటి అక్షరాల్లో ఇలా ఉంది: మూడు సంవత్సరాలు లేదా ముప్పై వేల కిలోమీటర్లు, ఏది ముందు పూర్తయితే అది. దాని కింద, క్లచ్, బ్రేకులు, టైర్లు, బ్యాటరీ వర్తించవు.

"ఏమయ్యా, మన బండి ఏడాదికి ఎంత తిరుగుతది?" అని మా ఆయన్ని అడిగాను.

"ముప్పై వేలు ఏడాదికే దాటుతది," అన్నాడు గర్వంగా.

"మరి మిగిలిన రెండేండ్లు ఏంది?" అని టై అబ్బాయిని అడిగాను.

"రెన్యువల్ చేసుకోవచ్చు మేడం."

"అంటే మళ్ల కట్టాలె. కిరాయి బండి అని పొద్దున్నే చెప్పినం గదా నీకు?"

"అది మీ వాడకాన్ని బట్టి ఉంటది మేడం."

"మరి బ్రేకులు?"

"అవి అరిగే పార్టులు మేడం. అవి దీంట్ల రావు."

"అరగని పార్టులకు నువ్వెందుకు బాబూ?"

పక్క బల్ల దగ్గరవాళ్లు నవ్వారు. మా ఆయన ముఖం మాడిపోయింది.

"నీకు చదువొచ్చిందని ఖమ్మం మొత్తం చాటాల్నా? జర ఊకో," అని గొణిగాడు.

ప్యాకేజీ లేకపోతే వారంటీకి ఇబ్బంది అవుతుందని అబ్బాయి బెదిరించాడు. ఎక్కడ రాసుందో చూపించమన్నాను. కాగితాలన్నీ తిరగేశాడు, లోపలికి వెళ్లాడు, వచ్చి, "టైముకు సర్వీసు చేయిస్తే చాలంట మేడం," అన్నాడు. వెంటనే ఇంకో పాట ఎత్తుకున్నాడు. ఈ ధర ఈ ఒక్కరోజే అన్నాడు. కారులో కాళ్ల కింద వేసే పట్టాలు ఊరికే ఇస్తామన్నాడు. చివరికి ఒక సెంటు సీసా తెచ్చి బల్ల మీద పెట్టాడు. నా గేదెల డబ్బుకు సెంటు సీసా.

ఖమ్మంలోనే ఇల్లుండి, రోజూ ఆఫీసుకు వెళ్లొచ్చేవాళ్లకు ఇది నష్టమేమీ కాకపోవచ్చు. ప్యాకేజీలో పోసే ఇంజనాయిలు ధర పెరిగినా వాళ్లకు పెరగదు, షోరూం వీధి చివరే ఉంటుంది. మా సంగతి వేరు. అడవి దారుల్లో తిరిగే బండికి ముందు పోయేవి బ్రేకులు, క్లచ్చే. కాగితంలో లేనివీ అవే. వాటికని దాచిన డబ్బు ఇక్కడ పోసి, అవి పోయినరోజు బండిని ఇంటిముందు నిలబెట్టుకోవాలి. బండి నిలబడితే ఆ రోజు పొయ్యి మీదికి ఏం రావాలి?

"పెట్టు సంతకం. బ్రేకులు పోయిన్నాడు ఈ సీసా అమ్ముకుందాం," అన్నాను.

ఆయన చాలాసేపు పెన్ను వేళ్ల మధ్య తిప్పాడు. తర్వాత దాన్ని బల్ల మీద పెట్టి, "మా ఇంటామె వద్దంటది," అన్నాడు, ఊరి పెద్దలముందు నా మీద ఫిర్యాదు చేస్తున్నట్టు.

బండి తీసుకుని ఊరికి బయల్దేరాం. తల్లాడలో టీ కోసం ఆపాడు. కొత్త కారు చూసి, ఆయనకు తెలిసిన డ్రైవరొకడు దగ్గరికొచ్చి, "ప్యాకేజీ తీసుకున్నవా అన్నా?" అని అడిగాడు.

"నేనెందుకు తీసుకుంట? మూడేండ్లంటడు, వెనక చూస్తే ముప్పై వేలకే ఖతం. బ్రేకులు గిట్ల ఏం రావు. మొత్తం చదివి, అరగని పార్టులకు నువ్వెందుకురా అని మొఖం మీదనే అడిగిన."

"మంచిగ అడిగినవే."

"మరేమనుకున్నవ్. మనల్ని మోసం చేసుడు గంత అల్కగ ఉంటదా?"

కళ్లద్దాలు లేకుండా ఆయన చేతిలోని కాగితం మీద పెద్ద అక్షరాలు కూడా చదవలేడు. ఆ అద్దాలు ఆ రోజు ఇంట్లోనే ఉన్నాయి. నేను టీ తాగుతూ కూర్చున్నాను. డబ్బు నా సంచిలోనే ఉంది.