గజ్జలని గట్టిగా చెప్పించిన మేడం

నంద్యాల ఆటల మేడం పోయింది. ఆ కబురు వచ్చేటప్పటికి నా చేతిలో లడ్డూల పెట్టె ఉంది.

ఆ పొద్దున్నే ఫోన్ వచ్చింది, నా కూతురి పేరు రాష్ట్రం హాకీ జట్టులో వచ్చిందని. ముసలోన్ని, కాళ్ళు ఒకచోట నిలవలేదు నాకు. ఆళ్లగడ్డలో మేము పనిచేసే శిల్పాల షెడ్డుకు పోయి, ఉలి పట్టుకున్నోన్నీ సుత్తి పట్టుకున్నోన్నీ ఎవురినీ వదలకుండా నోట్లో లడ్డూ పెట్టినా. అందరి మూతులకూ రాతి దుమ్మే. దుమ్ముతోనే తిన్నారు. "ఏమప్పా, గోలు కొట్టేది కూతురు, ఎగిరేది నువ్వా" అని ఎక్కిరించినారు కూడా. ఎగరకుండా ఎట్లుంటా?

మేడానికని ఒక లడ్డూ కాగితంలో చుట్టి పక్కన పెట్టినా. మధ్యాహ్నం బస్సుకు పోయి ఆస్పత్రిలో నా చేత్తో ఆమె నోట్లో పెట్టాలని. అప్పుడు మళ్ళా ఫోన్ మోగింది. నా కూతురే. ఇంకో మంచి మాటేమో అనుకొని, చెప్పమ్మా చెప్పమ్మా అంటాండా. "నాయనా, మేడం లేదు" అనింది.

సంతోషమూ దుఃఖమూ ఒకే పూట గడప తొక్కితే, దేన్ని ముందు లోపలికి రమ్మనాలో నాకు తెలీలేదు. ఇప్పటికీ తెలీదు. నేను రాతి బొమ్మలకు మెరుగు పెట్టే పని చేసేటోన్ని. చదివింది ఐదో తరగతి. ఇది చదివే మీరందరూ నాకంటే తెలిసినోళ్ళు. రాతలో వంకరలుంటే సర్దుకొని చదువుకోండి. ఆ తల్లి గురించి రాయకపోతే నాకు నిద్ర పట్టేట్టు లేదు.

నా కూతురు మాకు చాలా ఆలస్యంగా పుట్టింది. బిడ్డను బడికి తీసుకుపోతే మనవరాలా అని అడిగేవాళ్ళు. హైస్కూలుకు నంద్యాలలో హాస్టల్లో చేర్పించినాము. ఆడ దాని చేతికి హాకీ స్టిక్కు వచ్చింది. ఆ స్టిక్కు ఇచ్చింది ఆటల మేడం.

ఆమెను నేను చూడకముందే విన్నా. గ్రౌండు గోడ బయట నిలబడితే, లోపల ఎడమ కాలు గట్టిగా పడే చప్పుడు, దాని వెనకే కుడి కాలు నేలను రాసుకుంటా వచ్చే చప్పుడు. తుంటి పాడైన మనిషి నడక. అట్లాంటి మనిషి ఆటలు నేర్పేదేందీ అనుకున్నా. లోపలికి పోయి చూస్తే ఇంకా వింత. హాకీ స్టిక్కులన్నీ గోడకు ఆనించి ఉండాయి. పిల్లలు మోకాళ్ళ పైన సైకిల్ ట్యూబు ముక్కలు తగిలించుకొని, సగం కూర్చున్నట్టు వంగి, ఎండ్రకాయల మాదిరి పక్కకు నడుస్తాండారు. కొందరు గోడ పట్టుకొని కాలు ముందుకూ వెనక్కూ ఊపుతాండారు. కొందరు పండుకొని మోకాళ్ళ మధ్య బంతి పెట్టి నొక్కుతాండారు. కూతురిని చూడనీకి వచ్చిన ఒకాయన, ఆట ఎప్పుడు మొదలైతుంది మేడమ్మా, నేను ఆఖరి బస్సుకు పోవాల అన్నాడు. "ఇదే ఆట. తర్వాత కొట్టేది బంతి" అనింది ఆమె, ఆయన దిక్కు చూడకుండానే.

అందరికీ అదే చెప్పేది. హాకీ చేతులతో ఆడతారనుకుంటాండారు మీరు, కాదు, కాళ్ళు యాడ పుడతాయో ఆడ ఆడతారు అనేది. వంగి పరిగెత్తి, ఉన్నట్టుండి పక్కకు తిరిగి, ఒక కాలు బార్లా చాపి బంతి ఆపాల. ఆ చాపుకు తొడ లోపలి నరాలు తయారుగా లేకుంటే గజ్జల్లో పట్టేస్తుంది. పట్టేసినా ఆడితే, ఆ నొప్పి తుంటిలోకి పోయి ఇల్లు కట్టుకుంటుంది. అందుకే ముందు ఒళ్ళు వేడెక్కాల. తొడ లోపల బలం రావాల, అది ఒక వారంలో రాదు. నొప్పి వస్తే దాచకుండా చెప్పాల. ఈ ఆఖరిదే ఆమెకు అన్నిటికంటే కష్టమైంది. ఎందుకంటే ఆడపిల్లలు ఆ చోటు పేరు నోటితో చెప్పరు.

ఇప్పుడు నా తెలివి చెప్తా, నవ్వుకోండి. దసరా సెలవులకు ఇంటికొచ్చిన నా కూతురు ఫోన్లో స్నేహితురాలితో, "నాకు గజ్జె మోగిందే, మేడం నన్ను కూర్చోబెట్టింది" అనడం విన్నా. నాకు ఎంత ఆనందమో. హాకీతో పాటు డ్యాన్సు కూడా నేర్పిస్తాండారే అని నా పెండ్లాంతో చెప్పినా. బిడ్డకు కూడా చెప్పకుండా బజారుకు పోయి మంచి కంచు గజ్జెలు ఒక జత తెచ్చి, సెలవులయినాక బిడ్డను హాస్టల్లో దింపనీకి పోయినప్పుడు మేడం చేతుల్లో పెట్టినా. మా బిడ్డవి అద్దె గజ్జెలు కాకూడదు మేడమ్మా అన్నా.

ఆమె ఆ గజ్జెలను చూసింది, నన్ను చూసింది. నిలబడి నవ్వితే తుంటి నొప్పంట, నేలమీద కూర్చొని నవ్వింది. కండ్లలో నీళ్ళు వచ్చిందాకా నవ్వింది. నా కూతురు మొగం చున్నీలో దాచుకునింది. అప్పుడు చెప్పింది మేడం. గజ్జల్లో నొప్పి అని చెప్పలేక పిల్లలు వాళ్ళల్లో వాళ్ళే ఆ మాట పుట్టించుకున్నారంట, గజ్జె మోగింది అని. అంతకుముందు ఒక పిల్ల ధైర్యం చేసి హాస్టల్ వార్డెన్ దగ్గర గజ్జ అని గొణిగితే, ఆయమ్మ గజ్జి అనుకొని పూతమందు ఇచ్చి పంపిందంట.

నేను సిగ్గుపడి గజ్జెలు వెనక్కి తీసుకోబోతే ఇయ్యలేదు. స్టిక్కులు పెట్టే గది తలుపుకు మేకు కొట్టి తగిలించింది. నొప్పి ఉండే పిల్ల ఏమీ చెప్పకుండా, పోతా పోతా వాటిని ఒకసారి కదిలిస్తే చాలు. ఆ పూట ఆ పిల్లకు పరుగు లేదు. ఎవురూ ఎందుకని అడగరు. ఎన్నో మాట్లు నేను గోడ మీద కూర్చొని ఆ చప్పుడు విన్నా.

ఒకనాడు గోడ మీద నా పక్కనే కూర్చొని చెనిక్కాయలు ఒలుస్తా నా పని గురించి అడిగింది. బొమ్మలో కష్టమైన చోటు యాడన్నా అని. నడుము కింద తొడ మొదలయ్యే మడత మేడమ్మా, మెరుగు రాయి లోపలికి పోదు, వేలితో పోవాల, చూసేవాళ్ళు కూడా ఆడ చూడరు అన్నా. ఒలిచిన గింజలు నా చేతిలో పోసింది. తర్వాత తన సంగతి చెప్పింది. చిన్నప్పుడు ఆమె కూడా హాకీలో పులే. గజ్జల్లో పట్టేస్తే కోచ్ సారుకు చెప్పలేక కడుపునొప్పి అనిందంట. సోడా తాపించి ఆడమన్నారు. మళ్ళా నొప్పి, మళ్ళా కడుపునొప్పి అని, మళ్ళా సోడా. అట్ల ఆడి ఆడి, డాక్టరు దగ్గరికి పోయేటప్పటికి తుంటి అరిగిపోయింది.

"సోడాలు తాగి తుంటి పోగొట్టుకున్నానన్నా" అనింది. నవ్వుతానే అనింది. నాకు నవ్వు రాలేదు.

నా కూతురు పెద్ద పోటీలకు పోవడం మొదలైనాక మేడం ఆ గజ్జెలు మేకు నుంచి తీసి నా చేతికి ఇచ్చేసింది. ఇది మన గ్రౌండుకే పనికొస్తుంది, బయట ఎవురి తలుపుకూ గజ్జెలుండవు, ఆడ నోరే తెరవాల అనింది. నా కూతురు అలిగింది. ఆ తర్వాత కొన్నాళ్ళకే మేడం మంచాన పడింది. రొమ్ములో గడ్డ. దాన్ని మాత్రం ఎవురికీ చెప్పకుండా దాచిందని తర్వాత తెలిసింది. అందరినీ నోరు తెరవమన్న తల్లి తన మాట ఎందుకు మింగింది? ఇది నేను ఎవురిని అడగాల?

రాష్ట్రం జట్టుకు సెలక్షన్ మ్యాచి ఆమె ఆస్పత్రిలో ఉన్నప్పుడే వచ్చింది. నేను పోయినా. నా కూతురు ఎట్ల ఆడిందనుకున్నారు! రాయిలోంచి మెరుపు తీసినట్టు ఆడింది. ఆ బిడ్డకు ఈ జట్టు తప్ప లోకంలో ఇంకేమీ వద్దు, ఇంటికొచ్చిన ప్రతిసారీ అదే మాట. ఆట మధ్యలో బంతి ఆపనీకి కాలు చాపింది. లేచేటప్పుడు మొగం మారింది. నాకు తెలిసిపోయింది. నోరు తెరిస్తే జట్టు పోతుంది. మూసుకుంటే... నా కండ్ల ముందు మేడం నడక కనపడింది.

అక్కడి కోచ్ కుర్రోడు, మాకు ముక్కూ మొగం తెలీని మనిషి. ఆయన పక్కన ఇంకో నలుగురు మొగోళ్ళు. నా కూతురు నేరుగా వాళ్ళ దగ్గరికి నడిచిపోయింది. గ్రౌండంతా వినేట్టు చెప్పింది. "సార్, గజ్జల్లో పట్టేసింది. నేను ఆడితే తుంటికి పోతుంది. దిగిపోతాండా."

దిగిపోయి, బస్సులో నంద్యాల దాకా ఏడ్చింది.

మర్నాడు నేను ఆస్పత్రికి పోయి మేడానికి చెప్పినా. మనిషి దిండులో కలిసిపోయినట్టుంది. ఆట ఎట్ల ఆడిందని అడగలేదు, జట్టు సంగతి అడగలేదు. ఏమని చెప్పి దిగింది అని అడిగింది. అదే మేడమ్మా, ఆడ నొప్పని అన్నా. వార్డులో అటుపక్కా ఇటుపక్కా ఆడోళ్ళు, వాళ్ళ చుట్టాలు. నేను ముసలోన్ని, ఎట్ల చెప్పేది?

"ఆడ అంటే యాడ? కడుపునొప్పి అనిందా?"

కాదు మేడమ్మా అని, ఆమె చెవి దగ్గరికి వంగి గజ్జల్లో అన్నా.

"గట్టిగా చెప్పన్నా."

చెప్పినా. ఆ వార్డంతా తిరిగి చూసేట్టు చెప్పినా. నా జన్మలో ఆ మాట అంత గట్టిగా అనలేదు. మేడం కండ్లు మూసుకునింది. మూతి మీద నవ్వు అట్లే నిలిచిపోయింది. నేను లేచి వచ్చేదాకా కండ్లు తెరవలేదు. షెడ్డు పనుల్లో పడి మళ్ళా పోలేకపోయినా, అదే నేను ఆమెను ఆఖరుసారి చూడటం.

డాక్టరు చూసి, వెంటనే ఆపినందువల్ల కొంచెమే దెబ్బ, అదే మానుతుంది అన్నాడు. నా కూతురు ఆడకుండా కూర్చునింది, నొప్పి మానినాక మోకాళ్ళ మధ్య బంతి నొక్కింది, ట్యూబుతో నడిచింది, నిదానంగా పరిగెత్తింది. దేవుడు చల్లగా చూసినాడు, సెలక్షన్ వాళ్ళు ఆడిన కాసేపే గుర్తు పెట్టుకొని ఇంకోసారి పిలిచినారు. ఆడింది. పేరు వచ్చింది. ఆ పేరు వినేటప్పటికి వినాల్సిన మనిషి పోయింది.

ఇప్పుడు షెడ్డులో తడి రాయి మీద మెరుగు రాయి జరుపుతాంటే, ఆమె కుడి కాలు నేలను రాసుకుంటా వచ్చే చప్పుడే. తిరిగి చూస్తా. ఎవురూ ఉండరు. గజ్జెలు మా ఇంట్లో ఉండాయి. గాలి లేనప్పుడు కూడా ఒకోసారి ఘల్లుమంటాయి. నా పెండ్లాం నేను విన్నానా అని నా మొగం చూస్తుంది, నేను ఆమె మొగం చూస్తా. నాకు భయం లేదు. ఆ తల్లి వస్తే రానీ.

మేడాన్ని మట్టిలో పెట్టిన రోజు, సమాధుల తోటలో పాస్టరుగారి ప్రార్థన అయిపోయినాక పిల్లలు ఇండ్లకు పోలేదు. ఎవురూ పిలవకుండానే అందరూ గ్రౌండుకు పోయినారు. నేనూ పోయి గోడ దగ్గర నిలబడినా. ఏడ్చి ఏడ్చి ఉబ్బిన మొగాలు. గదిలోంచి స్టిక్కులు తీసి, నేరుగా బంతిని కొట్టడం మొదలుపెట్టినారు. ఒళ్ళు వేడెక్కలేదు, ట్యూబులు లేవు, ఏమీ లేదు. ఎవురి మీదనో కోపం ఉన్నట్టు పరిగెత్తుతాండారు. ఆపండమ్మా అందామని నోటిదాకా వచ్చింది. నా గొంతు వాళ్ళకు ఏం వినపడుతుంది?

బంతి నా కూతురి ముందుకు వచ్చింది. కాలు చాపబోయింది. చాపలేదు. ఉన్నచోటనే ఆగి, గ్రౌండు అంచున ఎవురూ లేని దిక్కు తల తిప్పింది. మందలిస్తే వినే బిడ్డ మాదిరి కాసేపు అట్లే నిలబడింది. తర్వాత సరేనన్నట్టు తల ఊపి, స్టిక్కు నేలమీద పెట్టేసింది. పక్కనున్న పిల్ల పెట్టేసింది. దాని వెనక ఇంకోటి, ఇంకోటి. నాకు ఏ పిలుపూ వినపడలేదు. వాళ్ళందరికీ వినపడినట్టే ఉంది.

ఎవురూ ఆపని ఆ బంతి మాత్రం, ఎర్ర దుమ్ములో తనంతట తాను చాలా దూరం దొర్లుకుంటా పోయింది.