చెడిపోని బోర్డు

స్వరూపరాణి టీచరు నల్లబల్ల మీద గుండె బొమ్మ వేస్తుంటే పదో తరగతి పిల్లలు నోటుపుస్తకాలు మూసి మరీ చూసేవారు. ఒక పక్క ఎర్ర సుద్దముక్క, ఇంకో పక్క నీలం సుద్దముక్క, పది నిమిషాల్లో నాలుగు గదులూ కవాటాలూ రక్తనాళాలూ తయారయ్యేవి. గంట మోగాక కూడా ఆ బొమ్మను తుడవడానికి తర్వాతి టీచరుకు చెయ్యి వచ్చేది కాదు. ఇరవై మూడేళ్ళుగా జీవశాస్త్రం చెప్తున్న ఆమెకు ఆ సంగతి తెలుసు, అది తన గొప్ప అనీ తెలుసు.

ఇల్లు నారాయణఖేడ్‌లో. బడి సిర్గాపూర్ దారిలోని ఒక ఊళ్ళో. పొద్దున షేర్ ఆటోలో పోవడం, సాయంత్రం అదే ఆటోలో రావడం. జీవితం అలా ఒక గాడిలో నడుస్తున్న రోజుల్లో బడికి డిజిటల్ బోర్డు వచ్చింది. గోడకు బిగించిన పెద్ద తెర; వేలితో రాయొచ్చు, వీడియోలు చూపించొచ్చు. పిల్లలు దాన్ని పెద్ద టీవీ అన్నారు.

దాన్ని వాడటం నేర్పడానికి సంగారెడ్డిలో మూడు రోజులు శిక్షణ పెట్టారు. మొదటిరోజే స్వరూపరాణిని ముందుకు పిలిచి పేరు రాయమన్నారు. ఆమె నల్లబల్ల మీద రాసే అలవాటు కొద్దీ అరచెయ్యి ఆనించింది. రాసిందంతా మాయమైపోయింది. మళ్ళీ రాసింది, మళ్ళీ పోయింది. వెనక వరసలో కుర్ర టీచర్లు నవ్వారు. అందులో చెడ్డ ఉద్దేశమేమీ లేదు, ఎవరికైనా నవ్వొచ్చే విషయమే. కానీ ఆమెకు ఒళ్ళంతా చెమట పట్టింది. మిగతా రెండు రోజులూ చివరి కుర్చీలో కూర్చుని, రాసుకుంటున్నట్టు కనిపించి, ఏమీ రాసుకోకుండానే తిరిగొచ్చింది.

బడికొచ్చాక, ఎవరూ లేనప్పుడు సొంతంగా నేర్చుకోవాలనుకుంది. ఒక సాయంత్రం పిల్లలంతా వెళ్ళిపోయాక పదో తరగతి గదిలో ఉండిపోయింది. బోర్డు వేసింది. వెలిగింది. అంచున ఉన్న మీటలు ఒకటి రెండు నొక్కింది. ఉన్నట్టుండి తెరంతా నీలంగా మారి, మధ్యలో నో సిగ్నల్ అని వచ్చింది. ఇంకేవో నొక్కింది. ఏం చేసినా ఆ నీలం పోలేదు. లక్షల ఖరీదు చేసే సర్కారు వస్తువు తన చేతుల్లో పాడైపోయిందనుకుంది. గోడ దగ్గర స్విచ్ ఆపేసి, గుడ్డ కప్పేసి బయటికొచ్చింది.

వరండాలో మొగులయ్య బకెట్టు పట్టుకుని నిలబడి ఉన్నాడు. బడి ఊడ్చి తుడిచే మనిషి, ఆ పనిలో తొమ్మిదేళ్ళుగా ఉన్నాడు. మేడం ఎప్పుడు బయటికొస్తే అప్పుడు గది తుడుద్దామని చూస్తున్నాడు. ఇగ తుడుచుకోమని చెప్పి ఆమె ఆటో కోసం వెళ్ళిపోయింది.

మర్నాడు ప్రార్థనకు ముందే హెడ్మాస్టర్ జగదీశ్వర్ తల్లిదండ్రుల కమిటీ వాళ్ళకు బోర్డు చూపిద్దామని పిలుచుకొచ్చాడు. వేస్తే నీలం తెర తప్ప ఏమీ రాలేదు. ఆయన అటూ ఇటూ చూసి, నిన్న ఈ గదిలో చివర ఉన్నదెవరని అడిగాడు. గదిలో ఉన్న టీచర్లంతా స్వరూపరాణి వైపు చూశారు. బోర్డు కింద నేల మీద తడి ఆరిన మరకలు కనిపిస్తున్నాయి.

"నీళ్ళు పడ్డయేమో సార్. నిన్న మొగులయ్య తడిగుడ్డ పెట్టిండు" అంది స్వరూపరాణి.

అంతే అంది. అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. మొగులయ్య తడిగుడ్డ పెట్టిన మాట నిజం. పడ్డాయని కూడా అనలేదు, పడ్డాయేమో అంది. ఆ తర్వాత ఎన్నోసార్లు ఆ వాక్యాన్ని మనసులో తిప్పి తిప్పి చూసుకుని, అందులో అబద్ధం ఎక్కడుందో వెతుక్కుంది.

జగదీశ్వర్ కోపం వస్తే ఆగే మనిషి కాదు. కమిటీ ముందు పరువు పోయిందన్న మంట కూడా తోడైంది. ప్రార్థన కోసం వరసల్లో నిలబడ్డ పిల్లలందరి ముందుకు మొగులయ్యను పిలిపించి, సర్కారు ఇచ్చిన బోర్డును నీళ్ళు పోసి నాశనం చేశావని అరిచాడు. మొగులయ్య తల వంచుకుని విని, అంతా అయ్యాక ఒక్క మాట అడిగాడు.

"ఎండకు పెడితే ఆరుతదా సార్?"

పిల్లలు గొల్లుమన్నారు. స్వరూపరాణి ఏడో తరగతి వరస వెనక నిలబడి ఉంది. నోరు తెరవడానికి అప్పుడు వ్యవధి ఉంది. తెరవలేదు.

వారం తిరక్కుండా మొగులయ్యను రావద్దన్నారు. ఆ పనిలోకి భీమమ్మ అనే ఒంటరి మనిషి వచ్చింది. మొగులయ్య, అతని భార్య సిద్దమ్మ హైదరాబాద్‌కు కూలికి వెళ్ళిపోయారని ఆ తర్వాత తెలిసింది. ఆ చుట్టుపక్కల ఎంతోమంది పోతారు, వీళ్ళూ పోయారు అనుకుంది. నిజంగా నీళ్ళే పడి ఉండొచ్చు కదా అని కూడా అనుకుంది. కొన్నాళ్ళకు ఆ మాట సగం నమ్మింది.

బాగు చేయమని పెట్టిన అర్జీకి ఎనిమిది నెలలకు సంగారెడ్డి నుంచి ఒక టెక్నీషియన్ వచ్చాడు. ఆరోజు హెడ్మాస్టర్ మండలం మీటింగుకు వెళ్ళాడు. గదిలో స్వరూపరాణి ఒక్కతే ఉంది. టెక్నీషియన్ గుడ్డ తీసి, బోర్డు వేసి, అంచున ఒక మీట రెండుసార్లు నొక్కాడు. నీలం పోయి మామూలు తెర వచ్చింది. సంచి విప్పాల్సిన పని కూడా పడలేదు.

"ఎవరో సోర్స్ మార్చిన్రు మేడం, బొమ్మ ఎక్కడికెళ్ళి రావాల్నో చెప్పే మీట గది. బోర్డుకేం కాలే."

నీళ్ళు పడితే ఇలా అవుతుందా అని అడిగింది. అతను నవ్వి, కింద తుడిచిన నీళ్ళు గోడెక్కి ఇంత పైకి ఎట్ల వస్తాయని తిరిగి అడిగాడు.

సాయంత్రం జగదీశ్వర్ వచ్చి ఏమైందంటే, "బాగైంది సార్" అంది. అలా నిజంలోనే నిజం దాచడం అది రెండోసారి.

ఆ రాత్రి నుంచి అన్నం సహించలేదు. పోయిన మనిషిని వెనక్కి తెచ్చే ధైర్యం లేక, ఆమె తనకు చేతనైన శిక్ష ఒకటి వేసుకుంది. ఆ బోర్డు నేర్చుకుని తీరాలనుకుంది. కొత్తగా వచ్చిన లెక్కల టీచరు యుస్రా దగ్గరికి పోయి, నాకేమీ రాదు, మొదటి నుంచీ నేర్పమని అడిగింది. యుస్రాకు ఇరవై ఆరేళ్ళు. ఇంట్లో ఉర్దూ, బళ్ళో తెలుగు, చేతిలో ఓపిక. రోజూ బడి వదిలాక అరగంట కూర్చునేవారు. స్వరూపరాణి ప్రతి మెట్టూ నోటుపుస్తకంలో తెలుగులో రాసుకునేది. సోర్స్ అన్న మాట దగ్గరికొచ్చినప్పుడు మాత్రం చెయ్యి ఆగిపోయేది.

నెల తర్వాత పదో తరగతికి గుండె పాఠం బోర్డు మీద చెప్పింది. తెర మీద గుండె కొట్టుకుంటోంది, కవాటాలు తెరుచుకుని మూసుకుంటున్నాయి, రక్తం ఒక గదిలోంచి ఇంకో గదిలోకి దూకుతోంది. ముందు బెంచీలో పిల్ల లేచి, "గిది ఆగనే ఆగదా మేడం?" అని అడిగింది. ఇరవై మూడేళ్ళలో ఏ పిల్లా ఆ ప్రశ్న అడగలేదు. సుద్దముక్కతో తాను వేసిన గుండెలన్నీ ఆగిపోయిన గుండెలే. ఎనిమిది నెలల పాటు గుడ్డ కింద ఉన్న తెరను తలుచుకుంటే, ఆ ఏడాది పరీక్షలు రాసి పోయిన పిల్లలకు కూడా తాను అన్యాయం చేసిందని తోచింది.

అక్కడితో ఆగలేదు. వీడియో వేసి పక్కన కూర్చుంటే పిల్లలు సినిమా చూసినట్టు చూసి మరిచిపోతున్నారని గమనించింది. మధ్యలో ఆపి, తర్వాత ఏమవుతుందో చెప్పమనేది. బోర్డు మీద చూసింది నల్లబల్ల మీద వేయమనేది. సెల్‌ఫోన్ కెమెరాను బోర్డుకు కలిపి, పిల్లలు చేల నుంచి తెచ్చిన జొన్న ఆకును, పత్తికాయ పురుగును తెరంత పెద్దవి చేసి చూపించేది. అమ్మానాన్నలతో హైదరాబాద్ పనులకు పోయిన పిల్లల కోసం పాఠాలను తన గొంతుతో రికార్డు చేసి వాట్సాప్‌లో పంపేది. పక్క మండలాల టీచర్లు చూడటానికి వచ్చారు. మనూర్‌లో శిక్షణ పెడితే చెప్పేవాళ్ళలో ఆమె పేరు చేరింది. నవ్విన కుర్ర టీచర్లలో ఇద్దరు ఎదురుగా కూర్చుని రాసుకున్నారు. ఆమెకు అందులో సంతోషం కలగలేదు. ఎవరైనా మెచ్చుకుంటే, బకెట్టు పట్టుకుని వరండాలో నిలబడ్డ మనిషి గుర్తుకొచ్చేవాడు.

జిల్లా ఉత్తమ ఉపాధ్యాయురాలి అవార్డుకు ఆమె పేరు పంపుతామన్నారు. సాంకేతికతను ఎలా నేర్చుకున్నారో ఒక పేజీ రాసివ్వాలి. ఆమె చెప్తుంటే యుస్రా కంప్యూటర్‌లో కొడుతోంది. "మొదట్లో నాకు చాలా భయం ఉండేది" అన్న వాక్యం చెప్పి స్వరూపరాణి ఆగిపోయింది. తర్వాతి వాక్యం రాలేదు. యుస్రా తల తిప్పి చూసేసరికి ఆమె ఏడుస్తోంది. అప్పుడు మొత్తం చెప్పేసింది.

యుస్రా, "ఆయనకు తెలుసా మేడం?" అని మాత్రం అడిగింది.

అప్పటికి రెండేళ్ళు అయింది. మొగులయ్య, సిద్దమ్మ పోచమ్మ మొక్కు తీర్చుకోవడానికి ఊరికొచ్చారని భీమమ్మ చెప్పింది. వాళ్ళ ఊరు బోరంచ. ఆదివారం స్వరూపరాణి ఆటో ఎక్కి వెళ్ళింది. సిద్దమ్మ మంచం వాల్చి నీళ్ళిచ్చింది. మొగులయ్య చిక్కిపోయాడు. గడప దగ్గర కూర్చుని, ఆమె నోరు తెరిచేలోపే తానే మాట్లాడాడు.

"బోర్డు బాగైందట గద మేడం. భీమమ్మ చెప్పింది. గా దినం కడుపునిండ తిన్న."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. అతను చెప్పుకుపోయాడు. హైదరాబాద్‌లో ఒక అపార్టుమెంటుకు కాపలా ఉంటున్నాడు. అక్కడ లిఫ్టు తడిగుడ్డతో తుడవమంటే తుడవడు. కరెంటు పెట్టెల దగ్గరికి సిద్దమ్మనే పంపుతాడు. వాళ్ళు తిట్టినా సరే, చెయ్యి రాదు. "బీదపిల్లలు సదువుకునేది ఖరాబు చేస్తి. మల్ల ఏదన్న ఖరాబు చేస్తనేమోనని భయం."

రెండేళ్ళుగా తన తప్పు తనతోనే ఉందనుకుంది స్వరూపరాణి. అది ఈ మనిషి వెంట కూడా హైదరాబాద్ పోయిందని, లిఫ్టు దగ్గరా కరెంటు పెట్టెల దగ్గరా అతన్ని పట్టుకుని ఆపుతోందని ఆమెకు తెలియదు. మంచం మీంచి దిగి కింద కూర్చుంది.

"నువ్వు ఖరాబు చేయలే మొగులయ్యా. నేను చేసిన. అసల అది ఖరాబే కాలే. ఒక మీట తప్పు నొక్కిన, నీ మీదికి నెట్టిన."

మీట సంగతీ, టెక్నీషియన్ చెప్పిన సంగతీ, ఆ తర్వాత నోరు మూసుకున్న సంగతీ ఏదీ దాచకుండా చెప్పింది. మొగులయ్య అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. కోపం వచ్చిందో లేదో తెలియలేదు. సిద్దమ్మ మాత్రం వాకిట్లోంచి లేచి వచ్చి ఎదురుగా నిలబడింది.

"బాగైననాడే ఎరుక గద నీకు. మరి గిన్ని దినాలు ఏం జేసినవ్ మేడం?"

బోర్డు నేర్చుకున్నాను అని చెప్పడానికి నోరు రాలేదు. ఏమైనా చేయగలిగితే చేస్తానంది. మొగులయ్య తనకేమీ వద్దని, బళ్ళో అందరి ముందు తనదే తప్పన్నారు కాబట్టి అందరి ముందే కాదని చెప్పమని అడిగాడు.

సోమవారం ఆమె ముందు జగదీశ్వర్‌తో చెప్పింది. ఆయన ముఖం మాడింది. ఇప్పుడెందుకు ఇదంతా తవ్వడం, మనిషిని తీసేసింది నేను కదా, ఆ మాట నా మీదికి వస్తుందన్నాడు. భీమమ్మను తీసి అతన్ని పెట్టడం కుదరదని, ఆమె బతుకు ఆమెకుందని కూడా అన్నాడు. ఆ మాట నిజమే. ఒకరికి చేసిన అన్యాయం సరిదిద్దాలంటే ఇంకొకరికి చేయాల్సివచ్చే చోటికి వ్యవహారాన్ని తెచ్చింది తానే. ఉత్తమ ఉపాధ్యాయురాలి కాగితం వెనక్కి తీసుకుని, ప్రార్థనలో మాత్రం మాట్లాడతానని పట్టుబట్టింది.

మర్నాడు మొగులయ్య ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి గేటు పక్కన నిలబడ్డాడు. సిద్దమ్మ రాలేదు. స్వరూపరాణి మైకు తీసుకుని ఉన్నది ఉన్నట్టు చెప్పింది. పిల్లలు బుద్ధిగా విన్నారు. కానీ ఆ తర్వాత చేరిన పిల్లల ముఖాల్లో ఎవరీయన అన్న ప్రశ్నే కనిపించింది. అప్పటి పెద్ద తరగతులు వెళ్ళిపోయాయి. కింది తరగతుల్లో ఉండి ఆరోజు నవ్విన పిల్లలు ఇప్పుడు ఎనిమిది, తొమ్మిది, పదిలో ఉన్నారు, వాళ్ళు మాత్రం తలలు దించుకున్నారు. మొగులయ్య అందరికీ దండం పెట్టాడు. తర్వాత ఆమె అతన్ని గదిలోకి పిలిచి బోర్డు వేసి చూపించింది. అతను దూరంగానే నిలబడి చూసి, మంచిగుంది అని, బస్సు టైమైందని వెళ్ళిపోయాడు.

మనసు తేలికవుతుందనుకుంది. కాలేదు. అప్పుడు విన్నవాళ్ళలో సగంమంది ఈ నిజం వినలేదు. ఆ సాయంత్రం పాత విద్యార్థుల వాట్సాప్ గుంపులన్నీ వెతికి, పాఠాలు రికార్డు చేసే గొంతుతోనే నాలుగు నిమిషాల సందేశం చెప్పి పంపింది. కొందరు నమస్కారం గుర్తు పెట్టారు. సంగారెడ్డిలో ఇంటర్ చదువుతున్న ఒకడు, మొగులయ్య ఊరికొచ్చినప్పుడు కనపడితే టీవీ ఖరాబు అని అరిచేవాళ్ళమని రాశాడు. ఆ మాట ఆమె అంతకుముందు వినలేదు.

అదే సందేశాన్ని సిద్దమ్మ ఫోనుకు కూడా పంపింది. కాసేపటికి విన్నట్టు గుర్తు నీలంగా మారింది. జవాబు ఆరోజూ రాలేదు, ఆ తర్వాతా రాలేదు.